ఎస్‌ఏ-1 మార్కులు చూసి ఏడో తరగతిని రెండు గదులు చెయ్యాలా?

లంక మాస్టారు | శుక్రవారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో గోదావరి పాయకి ఆనుకుని ఉన్న హైస్కూలు. నేను లెక్కలు చెప్తాను. ఈ ఏడాది ఇన్‌ఛార్జి హెచ్‌ఎం పని కూడా నెత్తిన పడింది. ఏడో తరగతిలో 23 మంది ఉన్నారు. ఎస్‌ఏ-1 (సగం ఏడాదికి పెట్టే పరీక్ష) లెక్కల పేపర్లో 9 మంది 35 శాతం దాటలేదు.

మొన్న స్టాఫ్ మీటింగులో ఒక మాట వచ్చింది. ఈ 9 మందినీ, వాళ్లకి కాస్త పైనున్న ఇద్దరు ముగ్గుర్నీ కలిపి వేరే గదిలో కూర్చోబెడదాం, మార్చి దాకా బిట్లు, చిన్న ప్రశ్నలు బట్టీ పట్టిద్దాం, మిగతావాళ్లతో సిలబస్ లాగించేద్దాం అని. గది ఖాళీగా ఉంది, చెప్పడానికి మనిషీ ఉన్నాడు. పైనుంచి శాతమే అడుగుతారు కాబట్టి ఇదే తేలిక. నాకు మనసొప్పడం లేదు. ఎందుకు ఒప్పడం లేదంటే మాత్రం చెప్పడానికి గట్టి కారణం దొరకడం లేదు. "మార్కులు మీరే వేశారు కదా మాస్టారూ, మీ మార్కుల మీద మీకే నమ్మకం లేదా?" అని సోషల్ మేడం అడిగితే నోరు పెగల్లేదు.

సోమవారం తేల్చాలి. మీ స్కూళ్లలో ఏం చేస్తున్నారు?

కొబ్బరితోట | శుక్రవారం, రాత్రి 9:15

ఇందులో అంత ఆలోచించేది ఏముందండీ. మేం చదివేటప్పుడు ఒకే గదిలో 60 మంది. మాస్టారు ముందు బెంచీకి చెప్పేవారు, వెనక బెంచీలో మేం తాటిముంజెల కబుర్లు చెప్పుకునేవాళ్లం. మాకూ వేరే గది ఉండుంటే నాలుగు ముక్కలు వచ్చేవేమో. మా ఊరి స్కూలు కమిటీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. వేరు చెయ్యండి, తప్పులేదు. రానివాడికి రానిది చెప్పాలి, వచ్చినవాణ్ణి ఆపకూడదు.

సుధ టీచర్ | శుక్రవారం, రాత్రి 9:48

మాస్టారూ, మార్కుల రిజిస్టర్ మూసేసి పేపర్ల కట్ట విప్పండి. అందులోనే ఉంది మీకు కావాల్సింది.

నేను ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని, ముమ్మిడివరం వైపు ప్రాథమిక పాఠశాల. పోయినేడు నాలుగో తరగతికి ఒక లెక్క ఇచ్చాను. "బుట్టలో మొత్తం 503 నిమ్మకాయలున్నాయి. 278 అమ్మితే ఎన్ని మిగిలాయి?" ముగ్గురికి సున్నా వేశాను. రిజిస్టర్లో ముగ్గురూ ఒకటే. ఇంటికెళ్లాక పేపర్లు మళ్లీ చూశాను.

ఒకడు 375 రాశాడు. మూడులోంచి ఎనిమిది పోదు కదా, అందుకని ఎనిమిదిలోంచి మూడు తీసేశాడు. సున్నాలోంచి ఏడు పోదు, ఏడు దింపేశాడు. ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసుకుంటూ పోయాడు. వాడికి తీసివేత వచ్చు, పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం రాదు. ఇంకొకడు 781 రాశాడు. "మొత్తం" అన్న మాట కనపడగానే కూడేశాడు. పాపం కూడిక తప్పు లేకుండా చేశాడు. మూడో పిల్ల ఏమీ రాయలేదు. మర్నాడు దగ్గర కూర్చోబెట్టుకుని లెక్క చదివి వినిపిస్తే నిమిషంలో 225 అంది. ఆ పిల్లకి లెక్క వచ్చు, తెలుగు చదవడం రాదు.

ఈ ముగ్గుర్నీ "సి గ్రేడు" అని ఒక గదిలో కూర్చోబెట్టి నేనేం చెప్పాలి? అందరికీ తీసివేతలే చెప్తే ఆ పిల్ల ఏడాదంతా వచ్చిన లెక్కే చేసుకుంటూ కూర్చుంటుంది.

కొబ్బరితోట | శుక్రవారం, రాత్రి 10:05

సుధ గారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ మీకు నలుగురైదుగురు పిల్లలు అయ్యుంటారు. 23 మంది పేపర్లు ఇలా ఒక్కో అంకె పట్టుకుని చూస్తూ కూర్చుంటే మాస్టారికి అన్నం తినే టైముంటుందా? యాప్‌లో మార్కుల ఎంట్రీలకే సగం పొద్దు సరిపోతోందని మా ఊరి మాస్టార్లు మొత్తుకుంటున్నారు.

సుధ టీచర్ | శుక్రవారం, రాత్రి 10:11

నాకు 19 మంది, రెండు తరగతులు ఒకే గదిలో. అందరి పేపర్లూ అక్కర్లేదండి, తప్పినవాళ్లవి చాలు. 9 పేపర్లకి గంటన్నర పడుతుంది.

అంకెల అబ్బాయి | శుక్రవారం, రాత్రి 11:30

మాది అమలాపురం, ఉద్యోగం బెంగుళూరులో, అంకెలతోనే కూడు. సోషల్ మేడం మాస్టార్ని అడిగిన "మీ మార్కుల మీద మీకే నమ్మకం లేదా" అన్నదానికి నా జవాబు: కొంతవరకే ఉండాలి.

బిట్ల సంగతి చూడండి. 20 బిట్లు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు అనుకుందాం. పుస్తకం తెరవని పిల్లాడు కళ్లు మూసుకుని పెట్టినా సగటున 5 వస్తాయి. 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడానికి, అంటే 35 శాతం అందుకోవడానికి, సుమారు 21 శాతం అవకాశం ఉంది. గుడ్డిగా పెట్టే ఐదుగురిలో ఒకడు గట్టెక్కేస్తాడు. వాడు మీ "పై గది"లో ఉంటాడు. 33 వచ్చి నిజంగా సగం తెలిసిన పిల్ల "కింద గది"లో ఉంటుంది. అదే పేపరు వారం తర్వాత పెడితే గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లు స్థానాలు మార్చుకుంటారు. మాస్టారూ, 30కీ 40కీ మధ్య ఎంతమంది ఉన్నారో ఒకసారి చెప్తారా?

ఇంకోటి. మీ క్లాసు పాస్ శాతం 61 కదా. 23 మందిలో ఒక్కో పిల్లాడు 4 శాతం పైమాటే. పరీక్ష రోజు ఇద్దరికి జ్వరమొస్తే 9 శాతం పడిపోతుంది. మండలం లిస్టులో చిన్న స్కూళ్లే ఎప్పుడూ మొదటి స్థానంలోనో ఆఖరి స్థానంలోనో ఎందుకు కనపడతాయంటే ఇదే. 200 మంది రాసే స్కూల్లో అలా ఎగరదు, దిగదు.

పాలకొల్లు అమ్మ | శనివారం, ఉదయం 6:40

నేను టీచర్ని కాదు, ఆ "కింద గది" లోపల ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. మా బాబు చదివిన ప్రైవేటు స్కూల్లో (పేరెందుకులెండి) ప్రతి శనివారం పరీక్ష. నెలకోసారి మార్కుల్ని బట్టి ఎ, బి, సి సెక్షన్లు మార్చేవారు. ఒక నెల సి నుంచి బి కి వచ్చాడని మా అత్తగారు వీధిలో పూతరేకులు పంచిపెట్టారు. తర్వాతి నెల మళ్లీ సి. అత్తగారు నెల్లాళ్లు పక్కింటివాళ్లకి మొహం చూపించలేదు.

నవ్వుకునే ముచ్చట అదైతే, నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇంకోటి ఉంది. ఏడాదిలో సి సెక్షన్‌కి ముగ్గురు లెక్కల సార్లు మారారు. కొత్తగా చేరినవాళ్లని ముందు అక్కడ వేసేవారు, కాస్త చెయ్యి తిరగ్గానే ఎ కి తీసుకెళ్లిపోయేవారు. బాగా చెప్పేవాళ్లు అవసరమైంది ఎవరికి, దొరికింది ఎవరికి? లంక మాస్టారూ, మీ ఖాళీ గదికి వెళ్లే ఆ మనిషి ఎవరండీ? లెక్కల మనిషేనా?

లంక మాస్టారు | శనివారం, ఉదయం 7:30

అమ్మా, సరిగ్గా పట్టారు. ఆయన డ్రిల్లు మాస్టారు. మంచివారు, పిల్లలకి ప్రాణం. కానీ లెక్కలు ఆయన చెప్పాల్సినవి కావు.

అబ్బాయీ, 30కీ 40కీ మధ్య ఏడుగురు ఉన్నారు. అది చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇవాళ స్కూలుకెళ్లి పేపర్ల కట్ట విప్పుతాను.

గోదారి గట్టు | శనివారం, ఉదయం 9:02

ఎస్‌ఏ-2 సిలబస్ పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా ఫ్రెండ్స్, అర్జెంట్

మోడరేటర్ | శనివారం, ఉదయం 9:20

గోదారి గట్టు గారూ, దానికి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. అందరికీ మనవి: స్కూలు పేర్లు, పిల్లల పేర్లు రాయొద్దు. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు, సంతోషం.

పాత ఇన్స్పెక్టరు | శనివారం, మధ్యాహ్నం 12:15

నేను ఎంఈఓగా (మండల విద్యాధికారిగా) రిటైరై ఎనిమిదేళ్లయింది. బల్లకి అవతల కూర్చున్నవాడిగా ఒక మాట.

లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో, ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె చూసే పడవలు సిద్ధం చేస్తారు, పశువుల్ని గట్టెక్కిస్తారు. ఇప్పుడు గేజీ (నీటిమట్టం కొలిచే బద్ద) ఎక్కువ చూపించిందని దాన్ని చూసే లస్కరుకి మెమో ఇచ్చారనుకోండి. మర్నాటి నుంచి వరద ఎంతొచ్చినా గేజీ 11 అడుగులే చూపిస్తుంది. కొంపలు మునిగాక గానీ మనకి తెలీదు.

మా హయాంలో జరిగింది అచ్చం అదే. ఎఫ్‌ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు అడిగేవాళ్లం. తక్కువొస్తే ఎందుకు తగ్గాయని రాతపూర్వకంగా సంజాయిషీ. ఎక్కువేస్తే ఏ గొడవా లేదు. మాస్టారు ఏం చేస్తాడు? ఒక స్కూల్లో ఆరో తరగతి అంతా ఎ గ్రేడే. తనిఖీకి వెళ్లి ఒక పిల్లాణ్ణి తెలుగు వాచకం చదవమన్నాను. నోరు తెరవకుండా పుస్తకం వంక చూస్తూ నిలబడ్డాడు. పక్కవాడు అందించబోయాడు. నేను మాస్టారి వంక చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన తప్పే, కాదనను. ఆ మెమోల కింద సంతకాలు మాత్రం నావి.

కాబట్టి లంక మాస్టారూ, మీరు 9 మందికి తక్కువ మార్కులు ఉన్నది ఉన్నట్టు వేశారు చూశారూ, అది చిన్న పని కాదు. ముందు ఆ సంగతి మీ స్టాఫ్‌కి చెప్పండి.

కొబ్బరితోట | శనివారం, మధ్యాహ్నం 12:40

అయ్యా, మెమో లేకపోతే అసలు పనెవరు చేస్తారు? అందరూ లంక మాస్టారులా ఉండరు కదా. మార్కులు అడక్కూడదు, లిస్టు పెట్టకూడదు అంటే ప్రభుత్వం జీతమెందుకివ్వాలి?

అంకెల అబ్బాయి | శనివారం, మధ్యాహ్నం 2:20

కొబ్బరితోట గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. దీనిమీద మన రాష్ట్రంలోనే పెద్ద పరిశీలన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లో 500 పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చేశారు. అందులో రెండు సంగతులు మన చర్చకి సూటిగా తగుల్తాయి.

కొన్ని స్కూళ్లకి ఊరికే పరీక్ష పెట్టి, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టు ఇచ్చారు, అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్లారు. మనుషులు వచ్చి చూస్తున్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడుతున్నట్టే కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం రిపోర్టు ఇవ్వని స్కూళ్లకన్నా ఏమీ పెరగలేదు. అంటే కాగితం చేతికిచ్చినంత మాత్రాన ఏమీ జరగదు. ఇది 2010లో అచ్చయింది.

ఇంకొన్ని స్కూళ్లలో పిల్లలు మెరుగుపడినదాన్ని బట్టి టీచర్లకి బోనస్ ఇచ్చారు. రెండేళ్లకి అక్కడ లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా. కాబట్టి "లెక్క అడక్కపోతే పనెవరు చేస్తారు" అన్నదాంట్లో నిజముంది. ఒక తేడా గమనించండి. అక్కడ పరీక్ష పెట్టిందీ దిద్దిందీ బయటివాళ్లు, ఆ స్కూలు టీచర్లు కాదు. లెక్కేసింది పిల్లాడు మొదట ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కడికొచ్చాడు అని. మనం చేసేది, టీచరు చేతే మార్కులు వేయించి, అవే మార్కులు చూసి ఆ టీచర్నే తిట్టడం.

అలా పూర్తిగా మార్కుల మీదే ఒత్తిడి పెడితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటాలో చూశారు. 2011లో బయటపడ్డ విచారణలో 44 స్కూళ్లలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల మార్కుల విషయంలో మోసంలో ఉన్నారని తేలింది. తప్పు జవాబులు చెరిపేసి ఒప్పులు దిద్దారు. పాత ఇన్స్పెక్టరు గారి గేజీయే.

పాలకొల్లు అమ్మ | శనివారం, మధ్యాహ్నం 3:05

ఒక డౌటు. పేపర్లో ఫలానా సర్వేలో పిల్లలకి చదవడం రాదట అని వస్తుంటుంది కదా. ఆ సర్వేలో మా ఊరి స్కూలు ఎలా ఉందో చూడొచ్చా?

అంకెల అబ్బాయి | శనివారం, మధ్యాహ్నం 3:30

చూడలేమండి. అసర్ అనేది ఇంటింటికీ వెళ్లి చేసే సర్వే. 2024లో దేశం మొత్తం మీద 605 గ్రామీణ జిల్లాలు, 17,997 ఊళ్లు తిరిగారు. అంటే జిల్లాకి 30 ఊళ్లే. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతం అని దేశం లెక్క తేలింది. కేంద్రం 2024 డిసెంబరు 4న పెట్టిన పరఖ్ పరీక్ష కూడా శాంపిలే. 3, 6, 9 తరగతులు, 74,229 స్కూళ్లు. ఇవి రాష్ట్రానికి, జిల్లాకి పనికొచ్చే అంకెలు. పుస్తకాలు ఎలా మార్చాలి, టీచర్లకి దేంట్లో శిక్షణ ఇవ్వాలి లాంటివి వీటితో తేల్చుకోవచ్చు. మీ బాబు ఏ బెంచీలో కూర్చోవాలో వీటిని చూసి చెప్పలేం. ఎస్‌ఏ-1 మార్కులతో జిల్లాల్ని పోల్చడమూ అంతే, ఒక్కోచోట దిద్దే చెయ్యి ఒక్కోలా ఉంటుంది.

లంక మాస్టారు | శనివారం, రాత్రి 8:10

కట్ట విప్పాను. మధ్యాహ్నం నుంచి అదే పని. గంటన్నర అన్నారు సుధ గారు, నాకు మూడున్నర గంటలు పట్టింది.

9 మందిలో ఏడుగురు రైలు లెక్క వదిలేశారు. గంటకి ఇన్ని కిలోమీటర్లు వెళ్తే ఇన్ని నిమిషాల్లో ఎంత దూరం అని. మా వైపు రైలు లేదు కదా, అందుకే అర్థం కాలేదేమో అనుకుని సంబరపడ్డాను, కారణం దొరికిందని. ఇంటి పక్కన ఉండే ఇద్దర్ని పిలిచి రైలు బదులు పడవ పెట్టి అడిగాను. పడవైనా అదే తంతు. రైళ్లు ఫోన్లో రోజూ చూస్తార్ట. వాళ్ల గొడవ 20 నిమిషాలంటే గంటలో మూడో వంతు అన్నది తెలియకపోవడం.

అంటే మళ్లీ భిన్నాలే. మిగతా పేపరంతా చూస్తే పూర్ణ సంఖ్యలు పర్వాలేదు, చిన్న సమీకరణాలు పర్వాలేదు. భిన్నం ఎక్కడ తగిలితే అక్కడ పెన్ను ఆగిపోయింది. ఎందుకో అర్థం కావడం లేదు. మిగతా 14 మందికి నేనే చెప్పాను, అదే పాఠం, అదే బోర్డు.

సుధ టీచర్ | శనివారం, రాత్రి 8:25

మాస్టారూ, హాజరు పట్టీ చూశారా? భిన్నాలు ఎప్పుడు చెప్పారు?

లంక మాస్టారు | శనివారం, రాత్రి 9:40

సుధ గారూ, మీకు దణ్ణం పెట్టాలి.

మళ్లీ స్కూలుకెళ్లి, తాళం తీయించి, రిజిస్టర్ తెచ్చుకున్నాను. భిన్నాలు, దశాంశాలు ఆగస్టులో చెప్పాను. ఆగస్టులో వరదకి పడవలు ఆపేశారు, 11 రోజులు. 9 మందిలో ఆరుగురు లంక పిల్లలు. ఆరుగురికీ ఆ 11 రోజులూ ఆబ్సెంటే. నీళ్లు తీశాక బురద కడుక్కుని, తడిసిన పుస్తకాలు ఆరబెట్టుకుని వచ్చేసరికి నేను తర్వాతి పాఠంలో ఉన్నాను. ఆ ఆబ్సెంట్ గీతలు పెట్టింది నా చేత్తోనే. మార్కుల రిజిస్టరూ హాజరు రిజిస్టరూ ఒకే బీరువాలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఇరవై ఏళ్ల సర్వీసులో తట్టలేదు.

మిగిలిన ముగ్గురిలో ఒకడికి ఎక్కాలే రావు. ఒకమ్మాయి సుధ గారి నిమ్మకాయల పిల్లలాగే ప్రశ్న చదవలేకపోతోంది. మూడోవాడి సంగతి ఇంకా తెలీదు. రొయ్యల చెరువు దగ్గర నాన్నతో రాత్రి కాపలాకి వెళ్తున్నాడని పిల్లలు చెప్తున్నారు. అది ఏ పేపర్లోనూ కనపడదు.

పాలకొల్లు అమ్మ | శనివారం, రాత్రి 9:52

ఆ ఆరుగుర్నీ మార్చి దాకా బిట్లు బట్టీ పట్టించేవాళ్లు కదండీ. తలుచుకుంటేనే ఏదోలా ఉంది.

కొబ్బరితోట | శనివారం, రాత్రి 10:20

సరే, ఒప్పుకుంటున్నా. రెండు గదులు వద్దు. సాయంత్రం ఒక గంట ఉంచి ఆ ఆరుగురికి భిన్నాలు చెప్పేయండి, అయిపోతుంది.

లంక మాస్టారు | శనివారం, రాత్రి 10:31

సాయంత్రం ఆఖరి పడవ 5 గంటలకి. ఆ గంట ఉంచితే వాళ్లు ఈ ఒడ్డునే ఉండిపోవాలి.

కొబ్బరితోట | ఆదివారం, ఉదయం 7:05

మీది ఏ రేవో నాకు వేరేగా మెసేజ్ పెట్టండి. మా బావమరిది అటువైపే పడవ నడుపుతాడు. వాడి పడవ కాకపోయినా మనుషులు తెలుసు. మూడు వారాలు అరగంట ఆలస్యంగా వదలడానికి ఏం కావాలో కనుక్కుంటాను. డీజిలు డబ్బులు కమిటీ చూసుకుంటుందో లేదో మీ వాళ్లని అడగండి.

అంకెల అబ్బాయి | ఆదివారం, ఉదయం 10:15

చివరికి మళ్లీ పరీక్ష పెడతారు కాబట్టి ఒక మాట. అదే పేపరు పెట్టకండి, జవాబులు గుర్తుంటాయి. అదే స్థాయిలో వేరే లెక్కలు ఇవ్వండి. బాగా తక్కువొచ్చినవాళ్లకి మీరేం చెయ్యకపోయినా రెండోసారి కాస్త పెరగడం మామూలే, మొదటి రోజు దురదృష్టం కూడా కలిసి ఉంటుంది కాబట్టి. రెండు మూడు మార్కులు పెరిగితే సంబరపడకండి. భిన్నాల లెక్కలు ఎలా చేశారో చూడండి.

పాత ఇన్స్పెక్టరు | ఆదివారం, ఉదయం 11:00

సోమవారం మీటింగులో హాజరు రిజిస్టరు తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఉపన్యాసం వద్దు.

లంక మాస్టారు | నాలుగు వారాల తర్వాత, గురువారం, సాయంత్రం 5:50

ఆలస్యమైంది, క్షమించాలి. మీటింగులో రిజిస్టరు పెట్టాను. సోషల్ మేడం 11 గీతలూ వేలితో లెక్కపెట్టి, తన సబ్జెక్టు పేపర్లు కూడా తెప్పించారు. రెండు గదుల మాట మళ్లీ రాలేదు. పడవ అరగంట ఆలస్యంగా వదిలేలా కొబ్బరితోట గారు మాట్లాడి పెట్టారు. డీజిలుకి కమిటీ కొంత, నేను కొంత.

మూడు వారాలు చెప్పాక నిన్న ఆరుగురికీ కొత్త లెక్కలు ఇచ్చాను. నలుగురు హారాలు వేరైన భిన్నాలు కూడేశారు, 20 నిమిషాల లెక్క కూడా చేశారు. ఒకడు ఇంకా సగానికీ మూడో వంతుకీ కలిపి ఐదింట రెండు అంటున్నాడు, పైవి పైన కూడి, కిందవి కింద కూడి. వాడికి రేపటి నుంచి కాగితాలు మడిపించి చెప్తాను. ఆరో అమ్మాయి మధ్యలో మానేసింది. వాళ్లమ్మ కువైట్ వెళ్లింది, పిల్ల అమ్మమ్మగారి ఊరికి మారింది. ఆ స్కూల్లో లెక్కల మాస్టారెవరో కనుక్కుంటున్నాను, పిల్లకి ఏం వచ్చో ఏం రాదో ఒక కాగితం మీద రాసి పంపిద్దామని. టీసీలో మార్కులు రాయడానికే చోటుంది.

యాప్‌లో ఆ ఆరుగురూ ఇంకా వెనకబడినవాళ్ల రంగులోనే ఉన్నారు. ఎస్‌ఏ-1 మార్కులు కదా, మారవు. రొయ్యల చెరువు కుర్రాడి విషయం మాత్రం తెమల్లేదు. వాళ్ల నాన్నని రెండుసార్లు కలిశాను. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా ఆగమంటున్నాడు.